ఇంటి అమ్మకానికి ముందు సన్నాహం: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల

అమ్మదలచిన ఇంటిని కొనుగోలుదారు చూడవచ్చే నాటికి దాని కట్టడాన్నీ, దస్తావేజులనూ, హక్కుదారుల సమ్మతినీ ఒక కొలిక్కి తెచ్చి ఉంచడాన్ని ఇంటి అమ్మకపు సన్నాహం అనవచ్చు. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ఈ సన్నాహమంతా ఒక నిర్ణీత రోజు కోసం సాగుతుంది. ఓపెన్ హౌస్ పేరిట, ఎక్కువగా శని ఆదివారాల్లో, కొంతసేపు ఇంటి తలుపులు తెరిచి ఉంచితే, ముందుగా మాట అనుకోనివారు కూడా లోపలికి వచ్చి చూసిపోతారు. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల్లో ఇళ్ళు చేతులు మారుతూనే ఉన్నా, అలాంటి రోజు మాత్రం వాడుకలో లేదు. ఇక్కడ ఇల్లు చూడవచ్చే మనిషి ఆ ఇంటిని గురించి సగం తెలుసుకునే వస్తాడు. ఇంటివారు ఎవరు, ఎవరికెంత భాగం ఉంది, బోరులో నీళ్ళు ఎండాకాలం దాకా నిలుస్తాయా అన్న సంగతులు మధ్యవర్తి నోటనో, ఇరుగుపొరుగు నోటనో అతనికి ముందే చేరి ఉంటాయి. అందువల్ల ఇక్కడి సన్నాహంలో అలంకరణ పాలు తక్కువ, పత్రాల పాలు, మనుషుల పాలు ఎక్కువ.

ఓపెన్ హౌస్ పద్ధతిలో యజమాని ఇంట్లో ఉండడు. ఏజెంటు ఒక్కడే ఉండి చూపుతాడు. గోడల మీది కుటుంబ చిత్రాలు, దేవుడి పటాలు తీసి, సామాను తగ్గించి, అవసరమైతే బాడుగకు తెచ్చిన సోఫాలు, దీపాలు అమర్చి, ఇల్లు ఎవరిదో తెలియకుండా చేయడం అక్కడి సన్నాహంలో ప్రధానమైన మెలకువ; ఈ అలంకరణను స్టేజింగ్ అంటారు. డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీలోనో ఇల్లు అమ్మే తెలుగు కుటుంబాలకు పూజగదిని ఖాళీ చేయమనీ, ముందురోజు నుంచి తాలింపులు మానుకోమనీ ఏజెంట్లు చెప్పడం మామూలే. ప్రొద్దుటూరులో దీనికి పూర్తిగా విరుద్ధమైన పరిస్థితి ఉంది. పూజగది ఎక్కడుందో చూపకపోతే కొనేవారు అడిగి మరీ చూస్తారు, యజమాని లేని ఇంటిని చూడటానికి సందేహిస్తారు, దీపం వెలగని ఇంటికి అంత విలువ కట్టరు.

అమ్మకపు వార్త బయటికి పొక్కే తీరు కూడా సన్నాహంలో భాగమే. సొంత ఇల్లు అమ్ముతున్నారంటే అప్పులపాలయ్యారని ఊరు అనుకునే అవకాశం ఉన్నందున, గోడ మీద బోర్డు రాయించడానికి పాత కుటుంబాలు ఇష్టపడవు. మాట మొదట దాయాదులకు, ఆపైన పక్కింటివారికి, ఆ తర్వాతే మధ్యవర్తికి చేరుతుంది. పక్కింటివారికి ముందు చెప్పడం మర్యాద కోసమే కాదు. రెండు ఇళ్ళనూ కలుపుకోదలచిన పొరుగువాడు తరచు బయటివారికన్నా ఎక్కువ ధర ఇవ్వగలడు, పైగా ఉమ్మడి గోడ, మురుగు కాలువ, నడవ హక్కు వంటి తగాదాలు అతనితోనే తేలాలి. మధ్యవర్తికి ధర మీద శాతం లెక్కన కమీషను ముడుతుంది. ఒకే ఇంటిని నలుగురు మధ్యవర్తులకు నాలుగు ధరలకు చెప్పడం అమ్మేవారు చేసే పనుల్లో అన్నిటికన్నా తెలివితక్కువది, ఎందుకంటే బజారులో ఆ నాలుగు ధరల్లో కింది ధరే నిలుస్తుంది.

మూడు ఊళ్ళు, మూడు రకాల ఇళ్ళు

పెన్నా ఒడ్డున ఉన్న ప్రొద్దుటూరు 1915లో పురపాలక సంఘమైంది. బంగారం, పత్తి, నూనె వ్యాపారాల వల్ల రెండో బొంబాయి అనిపించుకుంది. అమ్మవారిశాల గుడి చుట్టుపక్కల పాత వీధుల్లోని ఇళ్ళు ముందుభాగం అంగడి, వెనకభాగం కాపురం అన్న పద్ధతిలో కట్టినవి కావడం వల్ల, వాటిని చూడవచ్చేవారు గదుల సంఖ్యకన్నా వీధివైపు ఎన్ని అడుగుల వెడల్పు ఉందో ముందు కొలుస్తారు. ఇటువంటి ఇంట్లో అంగడి బాడుగకు ఉంటే, బాడుగదారు ఖాళీ చేస్తాడా, కొత్త యజమాని కింద కొనసాగుతాడా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం రంగులు వేయించడంకన్నా ముఖ్యమైన పని. హోమస్‌పేట వంటి పాత పేటల ఇళ్ళకు, ఊరు పెరిగిన కొద్దీ దారుల వెంట వెలసిన కాలనీల ఇళ్ళకు కొనుగోలుదారులే వేరు.

జమ్మలమడుగు రాతి ఊరు. దాని పరిసరాల్లో దొరికే సున్నపురాయి పలకలను దేశమంతటా కడప బండలంటారు. ఈ రాతిపొరల్లో ఒకదానికి భూవిజ్ఞానులు నార్జి అనే ఊరి పేరు పెట్టారు. గోడకు రాయి, నేలకు బండ, అలమారకు బండ, గట్టుకు బండ అన్నట్టుగా కట్టిన ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. పులివెందులలో పరిస్థితి ఇంకొకటి. చీనీ, అరటి తోటల ఆదాయం, ఇంజనీరింగు కళాశాల వంటి సంస్థలు, ఇటీవలి దశాబ్దాల్లో పడిన రోడ్లు కలిసి అక్కడ కొత్త లేఅవుట్లను పెంచాయి. అమ్మకానికి వచ్చే ఇళ్ళలో కాంక్రీటు కట్టడాలే అధికం. అక్కడ కొనేవాడు కట్టడాన్ని తర్వాత చూసి, లేఅవుటుకు అనుమతి ఉందా, ప్లాను ప్రకారమే కట్టారా, పైఅంతస్తుకు పురపాలక సంఘం మంజూరు ఉందా అని మొదట అడుగుతాడు.

కట్టడాన్ని చక్కదిద్దడం

పాత ఊళ్ళలో ఇప్పటికీ మిగిలిన మట్టి మిద్దెల విషయం ప్రత్యేకమైనది. మందమైన రాతి గోడల మీద దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు అనే సన్నని వాసాలు వేసి, వాటిపై కట్టెలో నాపబండలో పరచి, ఆపైన మట్టి, దాని మీద చౌడు పోసి దిమ్మిస కొట్టిన చదునైన కప్పును మిద్దె అంటారు. చౌడులోని ఉప్పు వల్ల తడిసిన బంకమట్టి రేణువులు విడిపోయి సందులను పూడుస్తాయి, కాబట్టి ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోస్తే కప్పు కారదు. పోయకుండా నాలుగేళ్ళు వదిలేస్తే కారడమే కాక, తడి తగిలిన దూలం తలలు గోడలోపల కుళ్ళుతాయి. అందుచేత మిద్దె చూడవచ్చిన మేస్త్రీ నేలను చూడడు; గోడలో దూలం దిగే చోట కట్టెను ఇనుప మొలతో గుచ్చి, చెదలు పట్టిందీ లేనిదీ తేలుస్తాడు. వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచి చుట్టూ కారిన చారలు కూడా అతని కంటికి ముందు ఆనుతాయి. ఆ చారల మీద హడావుడిగా సున్నం కొట్టిస్తే కొత్త తెలుపే లోపాన్ని పట్టిస్తుంది. వానలకు ముందు చౌడు పోయించి, పాడైన దంతెలు మార్పించి, ఆ పని ఎప్పుడు చేయించిందీ చెప్పగలిగి ఉండటం మేలు. అయితే కొనేవాడు మిద్దెను పడగొట్టి కొత్త ఇల్లు కట్టదలచినవాడైతే ఈ ఖర్చంతా దండగ. అటువంటప్పుడు అతను స్థలానికే సెంటు లెక్కన ధర కడతాడు. సెంటు అంటే ఎకరంలో నూరో వంతు, 435.6 చదరపు అడుగులు, చదరపు గజాల్లో 48.4. ఇల్లు ఇల్లుగా అమ్ముడుపోతుందా, స్థలంగా అమ్ముడుపోతుందా అన్నది ముందే అంచనా వేసుకోవడం వల్ల మిగిలేంత డబ్బు మరే సన్నాహం వల్లా మిగలదు.

బండల నేల సంగతిలో తరచు జరిగే పొరపాటు ఒకటుంది. చూపడానికి ముందు మెరుగు వస్తుందని స్నానాలగదిలో వాడే ఆమ్లంతో కడప బండలను కడిగిస్తారు. సున్నపురాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటు కాబట్టి ఆమ్లం తగలగానే నురగెత్తి కరుగుతుంది. పైనున్న నునుపు పోయి, తెల్లని మరకలు పడి, నేల అంతకుముందుకన్నా పాతదిగా కనిపిస్తుంది. నిమ్మరసం, చింతపండు పులుసు చిందిన వంటగట్టు మీది మచ్చలకు కారణం కూడా ఇదే. సబ్బునీళ్ళతో కడిగి, అవసరమైతే యంత్రంతో మళ్ళీ నునుపు పట్టించడమే సరైన దారి. నూనె పూస్తే నల్లబండ నిగనిగలాడే మాట నిజమే గాని, అది కొద్ది రోజుల ముచ్చట, పైగా దుమ్మును పట్టుకుంటుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతంలో విస్తారంగా ఉన్న నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది. పునాది తగినంత లోతుకు పోని ఇళ్ళలో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు పాకుతాయి. కేవలం పూత ఎండి పగిలిన సన్నని గీతలకు, ఈ బీటలకు తేడా అనుభవమున్న మేస్త్రీ సులభంగా కనిపెడతాడు. గోడ అడుగుభాగాన చెమ్మ ఎక్కి ఉప్పు పేరుకోవడం, పూత రాలడం ఇక్కడ ఇంకొక సాధారణ లోపం. ఈ రెండింటినీ పుట్టీతో కప్పి పైన రంగు వేయించడం కాసేపటి కనికట్టు మాత్రమే. వానాకాలం వచ్చేసరికి బీట తిరిగి కనబడుతుంది, అప్పటికి ఇరువర్గాలవారూ అదే ఊళ్ళో ఉంటారు.

నీటి ప్రశ్న ఈ మూడు ఊళ్ళలోనూ ధరను శాసిస్తుంది. పెన్నా మీద గండికోట, మైలవరం జలాశయాలు, పులివెందుల వైపు చిత్రావతి మీది పార్నపల్లె జలాశయం ఉన్నప్పటికీ, ఒక ఇంటి విలువ ఆ ఇంటి కుళాయి, ఆ ఇంటి బోరు మీదనే ఆధారపడుతుంది. కాబట్టి బోరు ఎన్ని అడుగుల లోతు, ఎన్నవ అడుగున మోటారు దించారు, ఏ ఏడాది వేయించారు, పురపాలక కుళాయి కనెక్షను ఎవరి పేరున ఉంది అన్న వివరాలను అమ్మేవారు ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం మంచిది. అనుభవజ్ఞులైన కొనుగోలుదారులు కావాలనే మే నెలలో ఇల్లు చూస్తారు. ఆ నెలలో నీళ్ళు వచ్చే బోరుకు మరో సాక్ష్యం అక్కర్లేదు, మిద్దె కింద చల్లదనమో స్లాబు కింద వేడో కూడా అప్పుడే తెలుస్తుంది.

వాస్తు చూసే సిద్ధాంతి కూడా కొనేవారి వెంట వస్తాడు. ఈశాన్యం బరువు లేకుండా ఉందా, వంటిల్లు ఆగ్నేయానికి ఉందా, సెప్టిక్ ట్యాంకు ఏ మూల ఉంది, వీధి పోటు, అనగా ఎదుటి దారి నేరుగా వచ్చి ఇంటికి తగలడం, ఉందా లేదా అన్నవి ఆయన చూసే మొదటి సంగతులు. అమ్మకం కోసమని గోడలు పడగొట్టి వాస్తు సరిచేయించడం సాధారణంగా గిట్టుబాటు కాదు, ఎందుకంటే ఇద్దరు సిద్ధాంతుల మాట ఒకటి కావడం అరుదు. ఈశాన్యంలో పేరుకున్న పాత సామాను తీయించి, తలవాకిలికి అడ్డుగా ఉన్నవి తొలగించడంతో సరిపెట్టుకోవడం వివేకం.

లోపాన్ని చెప్పవలసిన బాధ్యత

కొనేవాడే కళ్ళు తెరుచుకుని చూసుకోవాలన్న నమ్మకం వ్యవహారంలో ఉన్నా, చట్టం అంత దూరం పోలేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను ప్రకారం, ఆస్తిలోగాని, దానిపై తనకున్న హక్కులోగాని ముఖ్యమైన లోపమేదైనా అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో అతను కనిపెట్టలేనిదై ఉంటే, దాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి; చెప్పకపోవడాన్ని చట్టం మోసంగా ఎంచుతుంది. కళ్ళెదుట ఉన్న బీట చెప్పకపోయినా తప్పు కాకపోవచ్చుగాని, పుట్టీతో కప్పిన బీట, గోడలో పూడ్చిన పాత బావి, కోర్టులో నడుస్తున్న దావా ఈ నియమం కిందికి వస్తాయి. అదే సెక్షను అడిగినప్పుడు హక్కు పత్రాలన్నీ చూపించమనీ, అమ్మకం నాటి వరకు పన్నులు కట్టమనీ కూడా అమ్మేవాడిని ఆదేశిస్తుంది. కొనేవాడికి కూడా చిన్న బాధ్యత ఉంది: అమ్మేవాడి హక్కు విలువను బాగా పెంచే సంగతి తనకు తెలిసి, అతనికి తెలియదని తోస్తే, అది దాచకూడదు. ఈ రెండో సగాన్ని పాటించిన కొనుగోలుదారులు ఎంతమంది ఉంటారన్నది వేరే సంగతి.

ఈ చట్టంలోని 8వ సెక్షనును చాలామంది గమనించరు. దాని ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఇంటితోపాటు తాళాలు, తాళంచెవులు, తలుపులు, కిటికీలు, శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చిన తక్కిన వస్తువులన్నీ కొనేవాడికి పోతాయి. పాత ఇళ్ళ చెక్కడపు తలవాకిలి, టేకు దూలాలు, స్తంభాలు నేడు విడిగా మంచి ధర పలుకుతాయి కాబట్టి, వాటిని తీసుకుపోదలచిన కుటుంబం ఆ మాట ఇల్లు చూపే రోజునే చెప్పి, ఒప్పందంలో రాయించాలి. మోటారు, ఇన్వర్టరు, సోలారు హీటరు విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. చూపినప్పుడు ఉన్న తలుపు అప్పగించేనాటికి లేకపోవడం తగాదాలకు మూలమవుతుంది.

పత్రాలు, వారసులు

క్రయ దస్తావేజు, అంతకుముందు ఆ ఆస్తి చేతులు మారిన ప్రతిసారీ పుట్టిన లింకు దస్తావేజులు, ఇంటి పన్ను రసీదు, నీటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, కట్టడానికి మంజూరైన ప్లాను, ఈసీ ఒక కవరులో సిద్ధంగా ఉండాలి. ఈసీ అంటే ఆ ఆస్తిపై రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు, దానాలు ఏవో సబ్ రిజిస్ట్రారు కార్యాలయం తెలిపే ధ్రువపత్రం. ఆంధ్రప్రదేశ్‌లో 1998లో మొదలైన కార్డ్ అనే కంప్యూటరీకరణ పథకం వల్ల 1983 నుంచి జరిగిన లావాదేవీల ఈసీ సులభంగా దొరుకుతుంది. అంతకుముందు కాలానికి చేతిరాత పుస్తకాలు వెతికించాలి. రిజిస్టరు కాని పంపకాలు, నోటిమాట ఒప్పందాలు ఈసీలో కనిపించవు. దస్తావేజులోని చెక్కుబందీ, అనగా నాలుగు దిక్కుల హద్దుల వివరణ, నేటి పొరుగువారి పేర్లతో తరచు పొసగదు కాబట్టి ఆ హద్దు ఇప్పుడు ఎవరిదో రాసి ఉంచుకోవాలి. రిజిస్ట్రేషను చట్టం 22-ఎ సెక్షను కింద నిషేధిత ఆస్తుల జాబితాలో తమ సర్వే నంబరు పొరబాటున చేరిందేమో చూసుకోకుండా బయానా తీసుకోవడం ప్రమాదం. జాబితా నుంచి తీయించడానికి నెలలు పట్టవచ్చు.

అన్నింటికన్నా ఎక్కువ అమ్మకాలు ఆగేది ఆడపడుచుల సంతకాల దగ్గర. తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో సమానంగా కూతుళ్ళకూ వాటా ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు పుట్టుకతో హక్కును దేశంలో అందరికన్నా ముందు ఇచ్చింది ఆంధ్రప్రదేశే. 1986 సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు ఆ హక్కు కల్పించింది. 2005 కేంద్ర సవరణ ఆ పరిమితిని తీసివేసింది. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేకుండా కూతురికి హక్కు ఉంటుందని తేల్చింది. పెళ్ళిలో పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా అన్న వాదన చట్టం ముందు పనికిరాదు. మైనరు వాటా ఉంటే తల్లిదండ్రులు కోర్టు అనుమతి తీసుకోవలసి రావచ్చు. ముస్లిం కుటుంబాల్లో కూతురి వాటా కొడుకు వాటాలో సగం. హిబా అనే దానం నోటిమాటగా కూడా చెల్లవచ్చు కాబట్టి, అలాంటి దానం ఏదైనా జరిగి ఉంటే దాన్ని కాగితం మీదికి తెచ్చుకోవాలి. ఇల్లు చూపకముందే అక్కచెల్లెళ్ళతో కూర్చుని మాట్లాడుకున్న కుటుంబం, ధర తేలాక మాట్లాడబోయిన కుటుంబంకన్నా చౌకగా బయటపడుతుంది, ఎందుకంటే ధర తెలిశాక ప్రతి సంతకానికీ ఒక విలువ వచ్చి చేరుతుంది.

కొనేవారి వకీలు తెలుగు దినపత్రికలో ఫలానా ఇల్లు కొనబోతున్నామనీ, అభ్యంతరాలుంటే గడువులోగా తెలపమనీ ప్రకటన ఇప్పిస్తాడు. ఊరందరికీ ఇల్లు తెరిచి చూపే పద్ధతికి ఇక్కడ దగ్గరగా వచ్చేది ఈ ప్రకటనే. తెరిచి చూపేది గదులను కాదు, హక్కును.

చూపే రోజు, ఆ తర్వాత

ఆషాఢం, మూఢం, అమావాస్య ఇల్లు చూడటానికి కూడా చాలామందికి గిట్టవు. శనగ, పత్తి పంటల డబ్బు చేతికి వచ్చాక ఉగాది దాకా, తిరిగి బడులు తెరిచేలోపు ఇల్లు మారదలచిన కుటుంబాలు వెతికే వేసవిలో బేరాలు చురుగ్గా ఉంటాయి. చూడవచ్చేవారిలో మగవారు హద్దులు, గోడలు చూస్తుండగా ఆడవారు వంటింట్లో, పెరట్లో ఇంటి ఇల్లాలితో మాట్లాడతారు. నీళ్ళు ఎన్నింటికి వస్తాయి, పక్కింటివాళ్ళు ఎట్లాంటివాళ్ళు అన్న అసలు ప్రశ్నలు అక్కడే అడుగుతారు. అందువల్ల ఇంటివారందరి జవాబులూ ఒకటిగా ఉండాలి. పరదా పాటించే ఇళ్ళలో ఆడవారు చూసే వేళను వేరుగా పెడతారు. ఉదయాన్నే కసువు ఊడ్చి, కళ్ళాపి చల్లి, గదుల కిటికీలు తెరిచి, మూసి ఉంచిన గదుల తాళాలు తీసి పెట్టడం చాలు. తాళం దొరకలేదన్న గది మీదే చూసేవారికి అనుమానం నిలుస్తుంది. నచ్చిందీ నచ్చనిదీ, ధర ఎంతైందీ ఆ ఇంట్లో మాట్లాడరు. ఆ మాటలు మధ్యవర్తి దగ్గరే నడుస్తాయి.

ధర కుదిరాక బయానా ఇచ్చి క్రయ అగ్రిమెంటు రాసుకుంటారు. 2015 జూన్ 1 నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకుమించిన మొత్తాన్ని నగదుగా తీసుకున్న అమ్మకందారుకు అంత మొత్తమూ జరిమానా పడవచ్చు కాబట్టి, బయానాను బ్యాంకు ద్వారా తీసుకోవాలి. ధర 50 లక్షల రూపాయలు చేరితే కొనేవాడు ఒక శాతం పన్ను కోసి ప్రభుత్వానికి కడతాడు. రిజిస్ట్రేషను ఖర్చు, అంటే 5 శాతం స్టాంపు డ్యూటీ, 1.5 శాతం బదలాయింపు సుంకం, 1 శాతం రిజిస్ట్రేషను రుసుము, వాడుక ప్రకారం కొనేవాడిదే.

అమ్మేవారిలో ఒకరు కువైట్‌లో ఉండటం ఈ జిల్లాలో అరుదు కాదు. అటువంటప్పుడు అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవరాఫ్ అటార్నీని ఇక్కడికి తెప్పించి, చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఆ అధికారపత్రంతో క్రయ దస్తావేజు రాసి రిజిస్టరు చేయవచ్చుగాని, పత్రాన్ని చేతిలో పెట్టినంత మాత్రాన ఇల్లు కొనేవాడిది కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ లాంప్ కేసులో స్పష్టం చేసింది. అమ్మేవాడు ప్రవాసి అయితే ఒక శాతం కోత నియమం వర్తించదు, అంతకన్నా ఎక్కువ పన్ను కోయవలసి ఉంటుంది. ఈ సంగతి ముందే లెక్కలోకి తీసుకోకపోతే రిజిస్ట్రేషను రోజున ధర మళ్ళీ చర్చకు వస్తుంది. దస్తావేజు పూర్తయ్యాక ఇంటి పన్ను, కుళాయి, ఏపీఎస్పీడీసీఎల్ కరెంటు సర్వీసు కొత్త యజమాని పేరుకు మారేవరకు పాత యజమాని పేరునే బిల్లులు వస్తాయి కాబట్టి, మీటరు రీడింగును అప్పగించే రోజున ఇద్దరూ రాసుకుని సంతకాలు పెట్టుకోవడం ఆచారంగా మారుతోంది.